మొదటి చోటే తీసుకుంటామా?

ఎడారిలో మోటార్ హోమ్ ఆపుకోవడానికి చోటు దొరకకపోవడం ఒక వరం! దొరికినవాళ్ళను చూస్తే నాకు జాలి. దొరికాక ఇక చేసేదేముంది? కూర్చోవడమే కదా!

బయలుదేరినప్పుడు నా చేతిలో ఉన్నవి: పడకా వంటిల్లూ ఉన్న ముప్పై ఎనిమిది అడుగుల మోటార్ హోమ్, దాని వెనక తగిలించిన కారు, అరిజోనాలో గడపడానికి నాలుగు రోజులు, టెక్సస్‌లోని ప్లేనోలో పద్దెనిమిదేళ్ళు కిరాణా షాపు నడిపిన అనుభవం. పక్క సీట్లో నా భార్య కరుణమ్మ. షాపుకు సాయంత్రాలే అసలు గిరాకీ కనుక ఆమె ఇన్నేళ్ళుగా సూర్యాస్తమయం చూడలేదు. కుర్చీ వేసుకుని, ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా చూడాలట. అంతే కోరిక.

అక్కడ ప్రభుత్వ భూమి బోలెడు. కరెంటు ఉండదు, కుళాయి ఉండదు, అద్దె కూడా ఉండదు. చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉండవచ్చు. దీన్ని బూన్‌డాకింగ్ అంటారు. ఊరికే ఇస్తున్నారని కనబడిన మొదటి చోటే తీసుకుంటామా? ఎక్కిన మొదటి షాపులోనే చీర కొన్నవాళ్ళను మీరెప్పుడైనా చూశారా?

మొదటి సాయంత్రం చదునైన నేల దొరికింది. పడమర వైపు కొండల దాకా అంతా ఖాళీ. కరుణమ్మ కుర్చీ బయటికి తీసింది. బాగానే ఉంది కదండీ అంది. బాగున్నప్పుడే జాగ్రత్తగా ఉండాలని నచ్చజెప్పి కుర్చీ లోపల పెట్టించాను. రెండో చోటు కాస్త వాలు. మూడోచోట ఫోన్‌కి ఒకటే గీత సిగ్నల్. నాలుగోదాని దారిలో ముళ్ళకొమ్మలు బండి పైనున్న ఏసీని గీకాయి. వెనక కారు తగిలించిన బండిని రివర్స్ చేయకూడదు కనుక, తిరగడానికి వీలు దొరికేదాకా మరో తొమ్మిది మైళ్ళు! ఒక్క పైసా ఇవ్వకుండా ఎంత ఎడారి చూశామో ఆలోచించండి.

తిరిగొచ్చేసరికి మొదటి చోట ఒక వ్యాన్ ఉంది. మా పక్క ఊరు ఫ్రిస్కోలో ఐటీ ఉద్యోగం చేసే రఘువీర్ అనే కుర్రాడు దాని ముందు టీ తాగుతున్నాడు.

"మీరు వదిలేసి వెళ్ళడం చూశాను అంకుల్. అంత పెద్ద బండే ఇసుకలో దిగబడలేదంటే నాది సేఫ్ అని కాన్ఫిడెన్స్ వచ్చింది."

ఇది సమాజసేవ కాదా?

మేము గ్యాస్ స్టేషన్ వెనక, ట్రక్కుల మధ్య పడుకున్నాం. రెండో రోజూ, మూడో రోజూ ఇదే వరస. కరుణమ్మకు సూర్యాస్తమయం కనబడలేదని కాదు. సైడ్ మిర్రర్‌లో కొంత కనబడింది.

నాలుగో రోజు, కనబడిన మొదటి చోటనే ఆమె దిగిపోయి కుర్చీ వేసేసింది.

"బండి ఇక్కడే ఉంచండి. కారు విప్పుకుని మీరు చూసి రండి. నేను కాపలా ఉంటాను."

ఎంత తెలివైన ఏర్పాటు! కారుకైతే ఇరుకు దారులూ అడ్డం కావు. ఆ ఒక్క సాయంత్రమే ఎనిమిది చోట్లు చూశాను. ప్రతిదానిలోనూ ఏదో ఒక లోపం. చివరికి తిరిగి వచ్చేసరికి కొండల మీద వెలుగు పోయింది. కరుణమ్మ కుర్చీ మడుస్తోంది.

సూర్యాస్తమయం ఎలా ఉందని అడిగాను.

"మీరు వస్తున్నారు, కాసేపు ఆగమన్నాను. ఆగలేదండీ," అంది.

మొత్తం మీద నాకు మిగిలింది ఇరవై మూడు చోట్ల జాబితా. దారి, వాలు, సిగ్నల్ అన్నీ ఫోన్‌లో రాసి పెట్టాను. ఎవరికి కావాలన్నా ఉచితంగా పంపుతాను. కరుణమ్మ కూర్చున్న చోటు మాత్రం అందులో లేదు. మొదటిది కదా, రాసుకోలేదు.