పదమూడో కాయితం

"నేరస్తుడు ఏ చీకటి అగాధంలో దాగినా సరే, ఈ భానుప్రసాద్ మేధస్సు అనే మెరుపు వాణ్ణి వెలికి తీసి తీరుతుంది. గుర్తు పెట్టుకో కాకా." గిట్ల అనుకుంట మా గడప తట్టుకొని బోర్ల పడ్డడు. గా గడప ముప్పై ఏండ్ల సంది గక్కడనే ఉన్నది.

భానుప్రసాద్‌ది బస్టాండు ముంగట జిరాక్స్ దుకాణం. బోర్డు మీద "జిరాక్స్, లామినేషన్, నేర పరిశోధన" అని రాయించుకున్నడు. ఇప్పటిదాంక ఒక్కటే కేసు పట్టిండు. తన చెప్పులు పోయిన కేసు. అవి ఇంక దొరకలే. నేరం మాట వస్తె మనిషి పేపరు భాష మాట్లాడుతడు. మిగతప్పుడు మన లెక్కనే మాట్లాడుతడు.

చదువంటరా, జిరాక్స్ మిషన్ల పడ్డ కాయితమల్ల చదువుతడు. గదే ఆయన చదువు.

నేను రామచంద్రం ఆసామి షెడ్డుల సాంచలకు నూనె వెడ్త. కరెంటు మగ్గాలను మేము సాంచలంటం, షెడ్డు యజమానిని ఆసామి అంటం. పనోళ్లం పన్నెండు మందిమి. నెల కింద కరీంనగర్ల డిగ్రీ చదివే హర్షిణి అనే పిల్ల వచ్చింది. మనసు గురించిన చదువంట, సైకాలజీ. పనోళ్ల మనసు ఎట్లున్నదో పది ప్రశ్నల కాయితం రాయిస్తనన్నది. పేరు రాయొద్దు, రాసింది ఎవరో ఎవ్వలికి తెల్వది, ఇష్టం లేకుంటె మానుకోవచ్చు, రాసినంక వద్దనిపించినా చెప్పుండ్రి చింపేస్త అని ఒక్కొక్కటి ఓపికగ చెప్పింది. మంచి పిల్ల. గని ఆసామి ఆమె ఎన్క చేతులు కట్టుకొని నిలవడ్డడు. ఆ సంగతి ఆ పిల్ల లెక్కల వెట్టుకోలే.

మేం పన్నెండు మందిమి పది ప్రశ్నలకు పది సార్లు "చాలా సంతోషం" అని టిక్కు వెట్టినం. షెడ్డుల గాలి మంచిగున్నదా అని ఒక ప్రశ్న. నేను దగ్గుకుంట "చాలా బాగున్నది" అని వెట్టిన.

హర్షిణి గా కాయితాలను జిరాక్సుకు తీస్కపోయింది. ఆ పిల్ల చేసిన తప్పు ఒక్కటే, గని అది పెద్దదే. భానుప్రసాద్ అన్ని చదివిండు. పదమూడు కాయితాలున్నయి. పదమూడో దాని మీద టిక్కులన్ని "చాలా బాధ" అనే అడుగు గళ్లల్ల ఉన్నయి. పని బంద్ చెయ్యాలని ఎప్పుడన్న అనిపించిందా అన్నకాడ చేత్తోని రాసి ఉన్నది: "రోజూ. సాంచ ఆగితె నలుగురు ఉరికొస్తరు. నేను ఆగితె ఎవ్వలికి తెల్వది."

ఎవ్వలు అడగకముందే ఇంకో కాపీ తీసి ఆసామికి ఇచ్చిండు భానుప్రసాద్.

ఆసామికి మొఖం నల్లవడ్డది. ఎవడో తేల్చు, తేలిన గడియల వాణ్ణి బయటికి నూకుత అని కొండగట్టు అంజన్న మీద ఒట్టేసిండు. ఒక ఆసామి ఎల్లగొట్టినోణ్ణి ఇంకో ఆసామి రానియ్యడు. గా సంగతి మాకు పన్నెండు మందికి ఎరుకే. గా దినం సంది ఒకని దిక్కు ఒకడు చూసుడు బంద్ చేసినం.

హర్షిణి ఉరికొచ్చి భానుప్రసాద్‌ను బతిమిలాడింది. నేను మాటిచ్చిన, వెతకకుండ్రి అన్నది. భానుప్రసాద్ అద్దాలు తుడుసుకొని, "నీది ఉత్త పరిశోధన. నాది నేర పరిశోధన. నడుమల రాకు" అన్నడు.

తర్వాత నాకు లెక్క చెప్పిండు. మనుషులు పన్నెండు, కాయితాలు పదమూడు. అంటె ఒకడు రెండు రాసిండు. ఒకటి పొగుడుకుంట, ఒకటి పొడుసుకుంట. రెండు మొఖాల రాక్షసుడు.

"పదమూడో మనిషి ఉన్నడేమో" అన్న.

నవ్విండు. "హాజరు పట్టీల పన్నెండే పేర్లున్నయి కాకా. స్టాటిస్టిక్స్ నీకేం తెల్సు."



గా స్టాటిస్టిక్స్ ఆయనకు ఎక్కడిదంటె, హర్షిణి తన పుస్తకంల నలభయ్యో పేజీ జిరాక్స్ తీయించుకున్నది. రెండు సంగతులు జతగ పెరిగితె వాటి నడుమ సంబంధం ఉన్నట్టు అని దాంట్ల ఉన్నదంట. జతగ ఉన్నంత మాత్రాన ఒకదాని వల్లనే ఇంకోటి అయినట్టు కాదు అని నలభై ఒకటో పేజీల ఉన్నది. గది ఆమె జిరాక్స్ తీయించలే. ఆయన చదువు నలభై కాడ ఆగింది.

పది దినాలు షెడ్డుల నూలు బస్తాల ఎన్క దాక్కున్నడు. నెత్తి మీద గోనెసంచి. దాక్కున్నడని అందరికి ఎరుకే, చాయ్ గుడ పంపిస్తుంటిమి. పదో దినం బయటికొచ్చి, మాతోని సాంచ నడిపే కొమురెల్లే దొంగ అన్నడు. ఆసామి షెడ్డుల అడుగువెట్టినప్పుడల్ల కొమురెల్లి దగ్గుతుండంట. పదికి పది సార్లు. పగ గొంతులకెళ్లి తన్నుకొస్తుందంట.

"ఆసామి పొద్దుగాల ఊడ్చేటప్పుడు వస్తడు. ఊడిస్తె దుమ్ము లేస్తది. అందరం దగ్గుతం" అన్న.

"మిగతోళ్లను నేను చూడలే."

"ఎందుకు చూడలే?"

"దొంగను చూసెటందుకే పది దినాలు పట్టె. మంచోళ్లను చూసే టైం ఎక్కడిది."

కొమురెల్లికి యాభై దాటినయి. సాంచ తప్ప ఇంకో పని తెల్వదు. పొగిడినా తిట్టినా తల ఊపేటోడు. ఆసామి పిలిచి నిలవెడ్తె గప్పుడు సుత తల ఊపబోయి, నడుమల ఆగిండు.

సాంచలన్ని ఆపిచ్చి విచారణ వెట్టిండ్రు. హర్షిణి గుడ వచ్చింది, ఒక మూలకు నిలవడ్డది. భానుప్రసాద్ పన్నెండు మందితోని చీటీల మీద "నేను ద్రోహం చెయ్యలే" అని రాయించిండు. ముకర్రం ఉర్దూల రాసిండు. భానుప్రసాద్ దాన్ని తలకిందులు పట్టుకొని జరసేపు చూసి, అక్షరాలల్ల అనుమానం కనవడుతుందన్నడు. సీదా పట్టుకోండి భాయ్ అని ముకర్రం మెల్లగ చెప్పిండు.

ఆసామికి తల నొచ్చింది. చాయ్ చెప్పుమని లోపలికి కేకేసిండు. షెడ్డు చివరన కండెల మిషన్ ఉంటది. సాంచల అటు ఇటు ఉరికే నాడెల వెట్టే చిన్న కడ్డీలకు నూలు చుట్టే మిషన్. గది లేకుంటె ఏ సాంచా నడువది. ఆసామి భార్య నర్మదమ్మ ఇరవై రెండేండ్ల సంది గా మిషన్ మీదనే ఉన్నది. విచారణకు గుడ దాన్ని ఆపలే, ఎందుకంటె ఆపాలని ఎవ్వలకు తోచలే. ఆమె లేచొచ్చి ఒక ఖాళీ చీటీ మీద ఏందో రాసి, హోటలుకు పంపుమని బల్ల మీద వెట్టి మళ్ల పోయి కూసున్నది.

భానుప్రసాద్ గొంతు సవరించుకున్నడు. బల్ల మీది చీటీలన్ని ఒక్క గుప్పిట్ల ఊడ్చిండు. కొమురెల్లి దిక్కు వేలు వెట్టి, చూడకుంటనే అండ్లకెళ్లి ఒకటి గుంజి, పదమూడో కాయితం పక్కన ఆసామి ముంగట పరిచిండు.

"చూడండి. అక్షరం అక్షరం ఒక్కటే. ఆ చేతిరాత ఈ నీచుడిదే."

ఆసామి చూసిండు. నిజంగనే ఒక్కటే. గదే కొమ్ములు, గదే వంకరలు. చానసేపు చూసి, చదివిండు.

"పదిహేను చాయ్‌లు. ఆయనకు చక్కెర లేకుంట."

"రహస్య సంకేతం" అన్నడు భానుప్రసాద్.

"నేను చాయ్ తాగ ఆసామి" అన్నడు కొమురెల్లి.

"నేరం దాచేటందుకు చాయ్ గుడ మానిండు. ఎంత కరుడుగట్టినోడు."

ఆసామి ఆయన మాట ఇనలే. షెడ్డు చివరి దిక్కు తిరిగిండు. సాంచలు ఆగి ఉన్నయి గనుక గా ఒక్క మిషన్ చప్పుడే ఇనవడుతున్నది. ఇరవై రెండేండ్లల్ల ఇది భార్య చేతిరాత అని తెలిసి చూసుడు ఆయనకు గదే మొదలు.

"ఇది నువ్వే రాసినవా?"

నర్మదమ్మ దారం మీదికెళ్లి చూపు తియ్యలే. "ఏది? చాయ్‌దా, గా కాయితమా?"

"రెండు."

"రెండు నేనే."

"నువ్వెందుకు రాసినవ్? నువ్వు పనోళ్లల్ల లెక్క కాదు గద."

"గా పిల్ల నన్నడిగింది. మీరడగలే."

ఒట్టు అందరికి యాదికున్నది. రాసినోళ్లను గా గడియలనే బయటికి నూకుతనని అంజన్న మీద ఏసిన ఒట్టు. ఆసామి ఏమన్న అనకముందే నర్మదమ్మ మిషన్ బంద్ చేసి, చేతులు కొంగుకు తుడుసుకొని, బయటికి పోయి అరుగు మీద కూసున్నది.

ఆసామి మమ్ముల సాంచల మీదికి పొమ్మన్నడు. పోయినం. అరగంటల కండెలు అయిపోయినయి. ఒక్కొక్క సాంచ ఆగుకుంట వచ్చింది. ఆఖరుకు ఆసామే పోయి కండెల మిషన్ ముంగట కూసున్నడు. దారం తెగింది. ముడేసిండు. మళ్ల తెగింది.

భానుప్రసాద్ మాత్రం బయట తిరుగుకుంట, కేసు గెలిచిన, అసలు దొంగను బయటికి రప్పించెటందుకే కొమురెల్లి పేరు ఎర ఏసిన అని ముకర్రంకు చెప్తుండు. ముకర్రం సెల్‌ఫోన్ చూసుకుంటుండు.

హర్షిణి అరుగు కాడ కూసోని చెప్పింది. "తప్పు నాదే అమ్మా. పేర్లు లేవు గద అని జిరాక్సుకు ఇచ్చిన. ఆసామి ఎన్క నిలవడ్డా పొమ్మనలే. మీరు చింపమంటె మీ కాయితం ఇప్పుడే చింపేస్త."

నర్మదమ్మ తన కాయితం తీసుకొని నిదానంగ చదువుకున్నది.

"ఇంకో ఖాళీది ఉన్నదా బిడ్డా? మొన్న తొందరల రాసిన. చాన ఇడిచివెట్టిన."

హర్షిణి సంచిలకెళ్లి తీసి ఇచ్చింది. కొమురెల్లి వచ్చి నిలవడ్డడు. తనది సుత మార్చుకోవచ్చునా అని అడిగిండు. ఆయన ఎన్క ముకర్రం, ముకర్రం ఎన్క నేను, నా ఎన్క మిగతోళ్లు. లోపల ఆసామి దారం ముడేస్తుండు. హర్షిణి కాడ ఖాళీ కాయితాలు మూడే మిగిలినయి.

భానుప్రసాద్ ఉరికొచ్చి, ఒకటియ్యుండ్రి, రెండు నిమిషాలల్ల జిరాక్స్ తెస్త అన్నడు.

ఎవ్వలం ఇయ్యలే. హర్షిణి నోటుబుక్కుల పేజీలు చింపి, చేత్తోనే రాసుడు మొదలువెట్టింది.