ఎర్రబండగూడ సమగ్ర చరిత్ర, భూగోళం

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, తుకుం పేటలో ఒక ఆదివారం ఉదయం తెలుగు జాతి గౌరవాన్ని నిలబెట్టే సభ ఘనంగా జరిగింది. బ్యానరు మరాఠీలో ఉంది. వచ్చినవాళ్లకు అర్థం కావాలి కదా.

బొగ్గుగనిలో రిటైరైన వెంకటి ఆరేళ్లు కష్టపడి సొంతూరి మీద రాసిన పుస్తకానికి అది ఆవిష్కరణ సభ. ఎర్రబండగూడ కోర్పనా ఊరు దాటి గుట్టలెక్కితే వస్తుంది. మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మాదంటే మాదంటాయి కాబట్టి దానికి ఏ లోటూ లేదు. ఇద్దరు సర్పంచులు, రెండు బడులు, మనిషికి రెండు ఓట్లు ఉన్నాయి. బావి మాత్రం ఒక్కటే, అది ఊరివాళ్లు తవ్వుకున్నది.

వెంకటి చదువు మరాఠీ బడిలో సాగింది. అందుకని పుస్తకాన్ని అచ్చమైన తెలుగులో, మరాఠీ అక్షరాల్లో రాశాడు. తెలుగువాడి చరిత్ర తెలుగు అక్షరాల్లోనే వెలువడాలని చంద్రపూర్ తెలుగు సంఘం పట్టుబట్టింది. వెంకటి మంచిర్యాల వెళ్లి ప్రెస్సులో చదివి వినిపించాడు, వాళ్లు టైపు చేసి అచ్చేశారు. అట్ట మీద తన ఫొటో ఉండబట్టి పుస్తకం తనదేనని గుర్తుపట్టగలిగాడు.

సంఘం అధ్యక్షుడు బాపురావు మైకు అందుకున్నాడు. "ఈ గ్రంథం నేను మొదటికెల్లి ఆఖరిదాకా చదివిన. ఒక్క తప్పు లేదు. అమ్మభాష మరిచినోడు మనిషే కాదు!" అన్నాడు. పుస్తకం ఆయన చేతికొచ్చి అప్పటికి పది నిమిషాలైంది.

ముందు వరసలోంచి వెంకటి తల్లి రాజక్క లేచింది. రెండు బస్సులు మారి వచ్చిందామె.

"మీ నాయినది రాసిన కాడ జర సదువు బిడ్డా. ఇనిపోదామనే వచ్చిన."

వెంకటి బాపురావు చేతిలోని పుస్తకం అందుకున్నాడు. ఏదో పేజీ తెరిచి, కంఠతా వచ్చింది ఒప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"కండ్లు మూసుకొని సదువుతున్నవేందిరా? ఆఫీసరోళ్లు గిట్లనే నోటితోని ఒకటి చెప్పి, కాయితం మీద ఒకటి రాసి, మీ నాయినతోని ఏలిముద్రలేయించుకున్నరు. కాయితం మీద ఉన్నదే సదువు."

వెంకటి సిగ్గుతో చచ్చిపోయాడు. పుస్తకాన్ని బాపురావుకిచ్చాడు. ఆయన కళ్లజోడు మరిచిపోయి వచ్చాడట. కార్యదర్శికిచ్చాడు. ఆయనకు అర్జంటుగా ఫోనొచ్చింది. రెండు వందల మంది తెలుగు అభిమానుల్లో ఒక్కరూ తలెత్తలేదు.

చివరికి మైకు సెట్టు ప్రమోద్ వైర్లు వదిలి వచ్చాడు. పేజీలు తిప్పి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు: "మా నాయన ఎల్లన్న సరిహద్దు రాయిని తొమ్మిది సార్లు మోశాడు. ఆ సర్కారు వాళ్లొస్తే ఇటు పాతాడు, ఈ సర్కారు వాళ్లొస్తే అటు పాతాడు. ఆయన మోకాళ్లు అరిగాయి గాని, ఊరు ఉన్నచోటే ఉంది."

రాజక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఉన్నది ఉన్నట్టు రాసిండు నా కొడుకు. నువ్వు మంచిగ సదివినవ్ బిడ్డా. మనోళ్లేనా మీరు?"

"కాదవ్వా, మేం మరాఠోళ్లం. ఆదిలాబాద్‌ల ఎనిమిదేండ్లు పని చేసిన, గక్కడ నేర్సుకున్న."

"గందుకే వచ్చింది. మనోడివైతే నీకు యాడికెల్లి వస్తుండె!"

సభ చప్పట్లతో దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా కొట్టింది బాపురావే.