గ్యాస్ ట్రబుల్‌కు గులాబీ మాత్రలు

గ్యాసు లీకు కావడం మహాభాగ్యం! మీరు నమ్మడం లేదంటే మీ ఇంట్లో పైపులన్నీ భద్రంగా ఉన్నాయన్నమాట. పాపం, మిమ్మల్ని పలకరించే నాథుడు లేడు.

ఈ సత్యం పండితులెవరికీ తట్టలేదు. డెబ్బై ఆరో సంవత్సరంలో, ఒమాన్ దేశంలో, బౌషర్ అవతల ఇసుకలో రేకులతో కట్టిన ఒక కంపెనీ క్యాంపులో భూమయ్యకు తట్టింది. భూమయ్య జగిత్యాల సైకిలు షాపులో పదేళ్లు పంక్చర్లు వేసి, పైపు ఫిట్టరు వీసా మీద దేశం దాటినవాడు. మంచి పనివాడు. మాట తక్కువ, కడుపులో మంట ఎక్కువ. ఆ మంటకు కారణం ఆరో నంబరు రూము.

ఆరో నంబరు రూములో పదహారు మంది పడుకునేవారు. గోడకు అవతల వంటగది. భూమయ్య మంచం ఆ గోడకే ఆనుకొని ఉండేది. వంటగదిలో సిలిండరు నుంచి పొయ్యికి పోయే రబ్బరు ట్యూబు ఎండకు ఎండి, బీటలు వారి, పొద్దస్తమానం సన్నగా బుసకొట్టేది.

వంటవాడు గులాం నబీది కడప. ఒకనాడు పొద్దున వాసన మరీ ఎక్కువైందని, ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని అగ్గిపుల్ల గీశాడు. ఎక్కడి నుంచి వస్తోందో వెంటనే తెలిసింది! సగం మీసం, రెండు కనుబొమ్మలు పోయాయి. లీకు కనిపెట్టడానికి ఇంతకన్నా కచ్చితమైన పద్ధతి లేదు. కాకపోతే మనిషికి మీసం ఒకటే ఉంటుంది.

"భూమన్నా, ఈపొద్దు మీసంతో పోయింది," అన్నాడు గులాం నబీ, మూతికి తడిగుడ్డ అద్దుకుంటూ. "ఇంగో పొద్దు రూముకు రూమే పోతాది. పదారు మందిని మూటగట్టి ఊరికి పంపిస్తారు."

"రెండు గజాల ట్యూబు, రెండు క్లిప్పులు గావాలె నబీ భాయ్. గవ్వి నా చేతిల వెడితే చాయ్ చల్లారకముందే బిగిస్త," అన్నాడు భూమయ్య.

కంపెనీ స్టోరులో ట్యూబు చుట్టలు చుట్టలుగా పడి ఉంది. పడి ఉంటే మాత్రం ఊరికే ఇస్తారా? కంప్లయింటు కాగితం ఉండాలి. ఆ కాగితం ఇంగ్లీషులో ఉండాలి.

రూములో ఇంగ్లీషు వచ్చినవాడు నర్సయ్య. మెట్రిక్ పరీక్ష మూడుసార్లు రాసినవాడికి రాకపోతే ఇంకెవరికి వస్తుంది? వాళ్లమ్మ లస్మవ్వకు కడుపుబ్బరం చేసినప్పుడల్లా జగిత్యాల డాక్టరు చీటీ మీద రాసే రెండు ఇంగ్లీషు ముక్కలు అతనికి కంఠతా వచ్చు. మన దగ్గర ఆ జబ్బు తెలియని గడప ఏదీ? గ్యాసుతో వచ్చిన ఇబ్బందిని ఇంగ్లీషులో ఇంకేమంటారు? నర్సయ్య గుండ్రటి దస్తూరీతో రాశాడు: "సర్, రూమ్ నంబర్ సిక్స్‌లో రెండు నెలలుగా గ్యాస్ ట్రబుల్. పదహారు మందీ బాధపడుతున్నాం. తగు చర్య తీసుకోగలరు."

కంపెనీ తగు చర్య తీసుకుంది! మూడో రోజున క్లినిక్కు నుంచి పదహారు పొట్లాలు దిగాయి. మనిషికి పన్నెండు గులాబీరంగు మాత్రలు, భోజనం తర్వాత రెండేసి.

నర్సయ్య రెండో కాగితం రాశాడు. "గ్యాస్ ట్రబుల్ బాగా ముదిరింది. వాసనకు రూములో ఉండలేకపోతున్నాం." ఈసారి మాత్రలతోపాటు ఒక ఆర్డరు కూడా వచ్చింది. ఆరో నంబరు రూముకు పప్పు, ఆలుగడ్డ బంద్. గులాం నబీ మీసాన్ని తలుచుకొని నర్సయ్య మూడో కాగితంలో "మంట కూడా వస్తోంది" అని రాశాడు. మంటకు తెల్లటి మందు, పదహారు సీసాలు వచ్చాయి. ఏ కన్నతల్లి కనిపెట్టుకుంటుంది బిడ్డల పొట్టల్ని ఇంతగా?

ఇక కాగితాలతో కాదని భూమయ్య స్వయంగా క్యాంప్ బాస్ ముందుకు వెళ్లాడు. తనకు వచ్చిన నాలుగు హిందీ మాటలూ చెప్పి, ముక్కు మూసుకొని, రెండు చేతులతో సిలిండరంత గుండ్రం చుట్టి చూపించాడు. క్యాంప్ బాస్ ఆ గుండ్రాన్ని పొట్ట అనుకున్నాడు.

"కమ్ ఖావ్," అన్నాడు. తక్కువ తినమని.

సరిగ్గా ఇటువంటి సమయంలో దేవుడు పికరింగ్ సాబు ఇంట్లో ఒక లీకు పుట్టించాడు.

పికరింగ్ సాబు కంపెనీ కడుతున్న ఆసుపత్రి ప్రాజెక్టుకంతా పెద్ద. సముద్రం ఒడ్డున బంగళా. పర్మిట్టు మీద వచ్చే బీరు సీసాలు ఆయనకు నెలలో పదో తారీకు దాకా కూడా సాగేవి కావు. అందుకని బీరు ఇంట్లోనే తయారుచేసుకునేవాడు. ఇంగ్లండు నుంచి డబ్బాల్లో పాకం తెప్పించి, పులియబెట్టి, స్టీలు డ్రమ్ములో పోసి మూత బిగించేవాడు. పక్కన ఒక సిలిండరు పెట్టి, ట్యూబు కలిపి, డ్రమ్ములోకి గ్యాసు ఎక్కించేవాడు. మన గోలీసోడాలో పట్టే గ్యాసే అది. వాసన రాదు, మండదు. పోతే బీరు చప్పబడుతుంది, అంతే.

అంతేనా అంటున్నారా? చప్పబడిన బీరు తాగవలసి వచ్చిన మనిషి కష్టం మీకేం తెలుసు! శనివారం నింపిన సిలిండరు మంగళవారానికి ఖాళీ అయింది. గురువారం సాయంత్రం నలుగురు సాబులు పార్టీకి వస్తున్నారు. బుధవారం పొద్దున జీపు దుమ్ము లేపుకుంటూ సైటుకు వచ్చింది. భూమయ్య అప్పుడు ఆసుపత్రి నీళ్ల పైపుకు జాయింటు వేస్తున్నాడు. "ఎమర్జెన్సీ" అని డ్రైవరు అతణ్ని సగం పనిలో లేపి ఎక్కించుకుపోయాడు. ఆసుపత్రిదేముంది, రోగులు రేపైనా దొరుకుతారు.

బంగళాలో సాబు అప్పటికే తన తెలివినంతా ఖర్చుపెట్టి ఉన్నాడు. డ్రమ్ముకు చెవి ఆనించి విన్నాడు. సిగరెట్టు పొగ ఊది చూశాడు. చివరికి అగ్గిపుల్ల గీసి జాయింట్ల చుట్టూ తిప్పాడు. పుల్ల ఆరిపోయింది. నిప్పుకు ఎంత ఇంగితమో చూశారా! లేబర్ వంటగదిలో మీసాలు తినే నిప్పు, సాబు ఇంట్లో తలవంచుకొని ఊరుకుంది.

భూమయ్య ఒక సబ్బు, ఒక గిన్నె, ఒక పాత బ్రష్షు అడిగాడు. పంక్చరైన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోట పుల్ల గుచ్చి గుర్తుపెట్టుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఇంత సిలిండరును తొట్టిలో ముంచలేడు కనుక తొట్టినే సిలిండరు దగ్గరకు తెచ్చాడు. సబ్బునీళ్లు నురగ కట్టించి ఒక్కొక్క జాయింటుకూ పూసి, ముందర గొంతుక్కూర్చున్నాడు. మీటరు దగ్గర ఏమీ లేదు. మూత చుట్టూ ఏమీ లేదు. ట్యూబు చివర, క్లిప్పు కింద మాత్రం నురగ మెల్లగా ఉబ్బి, బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి.

"ఇదర్ హై సాబ్," అన్నాడు.

సాబు సంతోషం పట్టలేక గ్లాసు నిండా బీరు వంచి ఇచ్చాడు. భూమయ్య ఒక గుక్క తాగాడు. మూడు రోజుల కల్లు దీనికన్నా నయమనుకున్నాడు. "గుడ్ సాబ్," అన్నాడు.

నీకేం కావాలో అడుగు అన్నాడు సాబు. ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? భూమయ్య గ్లాసు పట్టుకొనే లేచి నిలబడి, నర్సయ్య నేర్పిన ఇంగ్లీషంతా ఒక్కసారి ప్రయోగించాడు. "సాబ్, మై రూమ్ నంబర్ సిక్స్. గ్యాస్ ట్రబుల్."

సాబు ఒక్క క్షణం చూసి, తొడ చరుచుకొని నవ్వాడు. మూడు మందుల ఆర్డర్ల మీదా సంతకం ఆయనదే. పొట్టల్లో గాలి నిండిన ఆ పదహారు మందిలో ఒకడు ఇన్నాళ్లకు కళ్లబడ్డాడు! గురువారం పార్టీకి జోకు కూడా దొరికింది. కళ్లు తుడుచుకుంటూ భూమయ్య భుజం తట్టి, "నో దాల్, మై ఫ్రెండ్," అన్నాడు.

భూమయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదహారు ప్రాణాలు ఈయనకు నవ్వులాటయ్యాయి. గ్లాసు గోడకేసి కొడదామనిపించింది. కొడితే వీసా కూడా దానితోపాటే పగులుతుంది. అందుకని గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, మెత్తగా అన్నాడు.

"సాబ్, ట్యూబ్ పూరా ఖరాబ్. ట్వెల్వ్ ఫీట్ మంగ్తా. క్లిప్ ఆఠ్. నై తో బీర్ ఖలాస్."

ట్యూబు గంటలో వచ్చింది. కాగితం లేదు, ఇంగ్లీషు లేదు! స్టోరు కీపరే జీపులో పట్టుకొచ్చాడు. భూమయ్య సాబుకు ఆరడుగులు వేసి, మిగిలిన ట్యూబూ క్లిప్పులూ తువ్వాలలో చుట్టుకున్నాడు. సాబు ట్యూబుకు వేసిన క్లిప్పును మాత్రం అర చుట్టు తక్కువ బిగించాడు. తన పనిలో అతను కావాలని వదిలిపెట్టిన జాయింటు అదొక్కటే.

ఆ సాయంత్రం ఆరో నంబరు వంటగదిలో కొత్త ట్యూబు ఎక్కింది. భూమయ్య నురగ పూశాడు. పదహారు మందీ గుమ్మం దగ్గర ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూశారు. బుడగ రాలేదు. రాని బుడగను అంతమంది అంతసేపు చూడడం ఇదే మొదలు. గులాం నబీ అగ్గిపెట్టె పట్టుకొని చాలాసేపు గీయలేకపోయాడు. చివరికి గీసి పొయ్యి వెలిగించి, పప్పు ఎక్కించాడు.

ఇక అక్కడి నుంచి వాళ్ల దశ తిరిగింది. నెలకొకసారి సాబు గ్యాసు ఖాళీ అయ్యేది. నెలకొకసారి జీపు వచ్చేది. నెలకొకసారి భూమయ్య నురగ పూసి, తల పంకించి, ఏదో ఒకటి అడిగేవాడు. వాషర్లు అడిగితే వాషర్లు వచ్చాయి. పాన అడిగితే పాన వచ్చింది. వేడిగాలికి బీరు పాడవుతోందని గోడకు పెట్టే ఫ్యాన్లు రెండు అడిగితే రెండూ వచ్చాయి. ఒకటి సాబు డ్రమ్ము పక్కన తిరిగితే, రెండోది గులాం నబీ వంటగదిలో తిరిగింది. పదహారు మంది ప్రాణాల కోసం పెట్టిన మూడు కాగితాలు చేయలేని పని ఒక్క చప్పటి బీరు చేసింది!

గులాం నబీ మీసం మళ్లీ మొలిచింది. మందు పేరు చెబితే చెవులు మూసుకునే ఆ మనిషి ఒకరోజు భూమయ్యను పక్కకు పిలిచాడు.

"అది హరామేలే భూమన్నా. అయినా దాని పుణ్యానే గదా బతికుండాం. నువ్వు మాత్రం ఆ క్లిప్పు గట్టిగా బిగించబాకు."

డెబ్బై ఎనిమిదిలో పికరింగ్ సాబు కాంట్రాక్టు అయిపోయింది. ఆయన విమానం ఎక్కే రోజున ఆరో నంబరు రూము మొత్తం డ్యూటీ ఎగ్గొట్టి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. తనంటే లేబరుకు ఇంత ప్రేమ అని ఇన్నాళ్లూ తెలియనే లేదని సాబు కూడా కళ్లు ఒత్తుకున్నాడు.

కొత్త సాబు దిగాడు. భూమయ్య మొట్టమొదట వాకబు చేసింది ఒక్కటే సంగతి.

"తాగుతడా?"

"చుక్క ముట్టడు. దేవుడిలాంటి మనిషి," అన్నాడు జీపు డ్రైవరు.

భూమయ్య నెత్తిన చేతులు పెట్టుకొని ఇసుకలో కూలబడ్డాడు. అయ్యా, మీ పైఅధికారి నీతిమంతుడని మురిసిపోతున్నారా? మురిసే ముందు మీ వంటగదిలో ట్యూబు ఒకసారి చూసుకోండి. లీకు మహాభాగ్యమే. కానీ అది బంగళాలో అయితేనే!

జూన్ ఎండలకు ట్యూబు మళ్లీ బీటలు వారింది. నురగ పూస్తే బుడగలు వరస కట్టాయి. స్టోరు కీపరు పాత మర్యాదలన్నీ మరిచిపోయి కాగితం అడిగాడు. ఈ రెండేళ్లలో నర్సయ్య ఇంగ్లీషు బాగుపడింది. ఈసారి తప్పు లేకుండా, సిలిండరు ట్యూబు పగిలి గ్యాసు కారుతోందని రాశాడు. కానీ రూమ్ నంబర్ సిక్స్, గ్యాసు అన్న రెండు మాటలు చూశాక మిగతాది చదివే అవసరం క్యాంప్ బాస్‌కు ఏముంది? కాగితం నేరుగా క్లినిక్కుకు వెళ్లింది.

మర్నాడు జవాబు వచ్చింది. నర్సయ్య వంటగది గుమ్మంలో నిలబడి చదివి తెలుగులో చెప్పాడు. "మాత్రలు స్టాకు లేవట. ఉన్నయన్ని కొత్త సాబు ఇంటికి వంపిండ్రట. ఆయనకు గ్యాస్ ట్రబులట."

గులాం నబీ పొయ్యి దగ్గర నుంచి లేచి, అద్దమూ కత్తెరా తెచ్చుకొని, రెండేళ్లు పెంచిన మీసాన్ని కత్తిరించడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ నబీ భాయ్?" అన్నాడు భూమయ్య.

"ఎట్లా పోయేదే గదా అన్నా," అన్నాడు గులాం నబీ. "నా చేత్తో పోతే మర్యాదగా ఉంటాది."