ఉప్పు గ్రహం మీద మేక

పుస్తకం చదవడం ఎవరైనా చెయ్యగలిగిన పని. అక్షరాలొస్తే చాలు. కానీ పుస్తకాన్ని సిఫారసు చెయ్యడం ఉందే, దానికి సంస్కారం కావాలి, కంఠం కావాలి, ఆదివారం ఉదయం ఇంట్లో ఎవరికీ పనికిరాని తీరిక కావాలి! ఇవన్నీ పుష్కలంగా ఉన్న పెద్దమనుషులం కలిసి పెట్టుకున్నదే మా అద్భుత, వైజ్ఞానిక నవలాభిమానుల సంఘం. దానికి నేను కార్యదర్శిని. మిగతా రోజుల్లో నీటి పన్నుల ఆఫీసులో గుమాస్తాని. ఆ సంగతి సంఘంలో ఎవరూ ఎత్తరు.

దర్జీ షాపు మీద ఒక గది. కింద కుట్టుమిషన్లు టకటకలాడుతుంటే పైన మేం ఇతర గ్రహాల్లో విహరిస్తుంటాం. పద్ధతి ఏమిటంటే, ఒక్కో సభ్యుడూ లేచి తన అభిమాన నవలని గుండెకి హత్తుకుని, కళ్ళు అరమోడ్చి సిఫారసు చేస్తాడు. "ఇది నవల కాదు, అనుభవం!" అంటారొకాయన. "ఇది చదివాక నేను పాత మనిషిని కాను!" అంటుందొకావిడ. చప్పట్లు! పుస్తకం పక్కవాళ్ళ చేతికి వెళుతుంది. వచ్చే ఆదివారం ఆ పక్కవాళ్ళు లేచి, అనుభవమేనని ధ్రువపరుస్తారు. ఇన్ని చేతులు మారినా మా పుస్తకాల్లో ఒక్క కాగితం నలిగింది లేదు. మా సభ్యుల శుభ్రత అలాంటిది!

సంఘానికి ఉన్నది ఒకటే కఠినమైన నిబంధన. కథ చెప్పరాదు. తోటి పాఠకుడి ఆనందాన్ని ముందే కాజెయ్యడం దొంగతనం కన్నా హీనమని మా అధ్యక్షులవారి సిద్ధాంతం. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. గ్లాసుడు మంచినీళ్ళడిగినా మైకులో ప్రకటించినట్టే ఉంటుంది. ఈ నిబంధన పుణ్యమా అని మా సంఘంలో ఇంతవరకూ ఒక్క అభిప్రాయభేదం రాలేదు. మిగతా సంఘాలవాళ్ళు దేనికి కొట్టుకు చస్తారో నాకు బొత్తిగా అర్థం కాదు.

అంతటి సంఘంలోకి నా చేతులారా మా మేనకోడల్ని తీసుకెళ్ళాను.

మా అక్క కూతురు. కంటి డాక్టరు దగ్గర చూపు పరీక్షించే ఉద్యోగం దొరికి మా ఊరొచ్చి మా ఇంట్లో దిగింది. నోట్లో నువ్వుగింజ నానదు. పైగా పుస్తకాల పురుగు. మా సంఘం ఏకగ్రీవంగా ఆరాధించే 'ఉప్పు గ్రహం' నవల మూడు సంపుటాలూ చదివేసింది. చదివి ఊరుకుంటే ఎవరు కాదన్నారు! భోజనం దగ్గర నన్ను పట్టుకుంది.

"మావయ్యా, చివర్లో ఆ పడవ ముసలావిడ ఒడ్డుదాకా వచ్చి మళ్ళీ వెనక్కెందుకు తిరిగింది? నువ్వేమనుకుంటున్నావు?"

"అది ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాల్సిన విషయం," అన్నాను పళ్ళెంలోకి చూస్తూ.

"ఆలోచించీ ఆలోచించీ పిచ్చెక్కుతోంది! ఈ ఊళ్ళో నాకు మీరు తప్ప ఒక్క మనిషి తెలీదు. ఆ పుస్తకం చదివినవాళ్ళు ఒక్కళ్ళు దొరికితే చాలు మావయ్యా, కడుపారా మాట్లాడుకుంటాను. లేకపోతే గోడలతో మాట్లాడేట్టున్నాను."

మా ఆవిడ జాలిపడింది. "మీ సంఘంలో అందరూ చదివినవాళ్ళేగా. తీసుకెళ్ళండి పాపం," అంది. తీసుకెళ్ళకపోవడానికి కారణం వెతికాను. దొరకలేదు.

ఆ ఆదివారం మందుల షాపాయన వంతు. 'ఉప్పు గ్రహం' పట్టుకుని లేచాడు. "రోగికి మందెలాంటిదో మనసుకి ఈ నవల అలాంటిది! పొద్దున్నొకటి, రాత్రొకటి, అధ్యాయాలు మింగాల్సిందే!" అన్నాడు. చప్పట్లు ఇంకా ఆగలేదు, మా మేనకోడలు దిగ్గున లేచింది. మొహం దీపంలా వెలిగిపోతోంది.

"హమ్మయ్య! అయితే మీరు చెప్పండి సార్. ఆఖర్న ఆ పడవ నడిపే ముసలావిడ వెనక్కి తిరిగిపోవడం అన్యాయం కాదూ?"

మందుల షాపాయన పుస్తకాన్ని వీపు వెనక దాచుకున్నాడు. లెక్కల టీచరమ్మ రెండు చెవులూ మూసుకుంది. అధ్యక్షులవారు రైలు పట్టాలు తప్పినంత కంగారుగా లేచారు.

"కథ చెప్పేసింది!"

"చెప్పలేదండీ, అడిగాను. అందరూ చదివారుగా?"

"చదివినవాళ్ళకి చెప్పినా నేరం నేరమే! మర్చిపోయి మళ్ళీ చదువుకుందామనుకునేవాళ్ళ గతేం కావాలి?"

వచ్చే ఆదివారం విచారణ అన్నారు. నేరం రుజువైతే సంఘం నుంచి బహిష్కరణ. ఇంటికొచ్చి మా మేనకోడలు ముడుచుకుని కూర్చుంది. "నలుగురు మనుషులు దొరుకుతారని వెళ్ళాను మావయ్యా. నలుగురూ నన్ను దొంగని చూసినట్టు చూశారు," అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు? కానీ కార్యదర్శి కుర్చీలో కూర్చున్నవాడికి మేనకోడళ్ళుండరు!

విచారణ రోజున ఆరోపణ చదివింది మా వకీలుగారు. ఆదివారం కూడా నల్లకోటు విడవని మనిషి. గంభీరంగా మొదలుపెట్టి మధ్యలో ఠక్కున ఆగారు. వృత్తి బుద్ధి ఊరుకోనిస్తుందా?

"అధ్యక్షా! ఒక చిక్కుంది. ఈ అమ్మాయి చెప్పింది నిజంగా ఆ నవల ముగింపేనని ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. ముగింపు కాకపోతే నేరమే లేదు."

"దాందేముంది, మీరే చెప్పండి."

"వాదించే వకీలు సాక్ష్యం చెప్పకూడదు. పద్ధతి కాదు," అని ఆయన హాయిగా కూర్చుండిపోయారు. నేను వకీలు చదువు చదవనందుకు జీవితంలో మొదటిసారి విచారించాను.

మందుల షాపాయన వంతొచ్చింది. "నేను చదివాను. బ్రహ్మాండంగా చదివాను. కానీ చివరి పేజీకొచ్చేసరికి కళ్ళనిండా నీళ్ళు. ఒక్క అక్షరం కనబడితే ఒట్టు!" అన్నాడు.

"నేను ముగింపులు చదవనండీ," అంది టీచరమ్మ. "లెక్క ముఖ్యం, జవాబు కాదని పిల్లలకి రోజూ చెప్పే నేను జవాబు కోసం ఎగబడితే ఏం బాగుంటుంది?"

అందరూ నావైపు తిరిగారు. కార్యదర్శి తటస్థంగా ఉండాలి కాబట్టి నేను కిటికీలోంచి వీధిలోకి చూశాను.

ఇక అధ్యక్షులవారి పరువు సమస్యయింది. ఛాతీ విరుచుకుని లేచారు. "నేనున్నాను సాక్షిని! ఆ ముగింపు నా కళ్ళతో చదివాను! ముసలావిడ అలా వెనక్కి తిరగ్గానే రాజుగారు కత్తి దూసి..."

"రాజుగారెవరండీ?" అంది మా మేనకోడలు నెమ్మదిగా.

"ఉప్పు గ్రహానికి చక్రవర్తి! అంత గ్రహమున్నాక చక్రవర్తి ఉండడా?"

అంతే, గండి పడింది! "అవునవును, ఆయన రెక్కల గుర్రం!" అన్నాడు మందుల షాపాయన. "చక్రవర్తి చెల్లెలికి జరిగింది మాత్రం ఘోరం," అంటూ టీచరమ్మ ముక్కు ఎగబీల్చింది. చెల్లెలు చివరికి మరమనిషిని పెళ్ళాడిందని ఆవిడ, లేదు గుర్రమెక్కి వెళ్ళిపోయిందని ఆయన, ఇద్దరూ పట్టుబట్టారు. వకీలుగారు పద్ధతి గిద్దతి మరిచిపోయి, "అసలా అంతరిక్షనౌక ఎవరిదన్న దావా తేలందే పెళ్ళెలా చెల్లుతుంది?" అని బల్ల గుద్దారు. నా తటస్థత ఎటు పోయిందో తెలీదు, "మరమనిషి ఏడ్చే ఘట్టం చదివి నేను ఆఫీసుకి సెలవు పెట్టాను!" అని అరిచాను. ఏం చెప్పమంటారు! ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని కూర్చున్నవాళ్ళం. కథ చెప్పడంలో ఇంత మజా ఉందని ఎవరికి తెలుసు? అధ్యక్షులవారు కుర్చీ ఎక్కి చక్రవర్తిలా గర్జిస్తున్నారు. కింద నుంచి దర్జీ తన షాపు కప్పుని కర్రతో పొడుస్తున్నాడు.

మా మేనకోడలు నవ్వీ నవ్వీ నేలమీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఆ నవల్లో రాజు లేడండీ. గుర్రం లేదు, చెల్లెలు లేదు, నౌక లేదు. ఉన్నదల్లా ముగ్గురు మనుషులూ, ఒక మేకా!"

"మేకా?" అన్నాం అందరం ఒక్క గొంతుతో.

"మేకే! అది లేకపోతే కథే లేదు."

"ఉప్పు గ్రహం మీద మేకేం చేస్తుంది?" టీచరమ్మ ఆపుకోలేకపోయింది.

"చెప్పకూడదుగా!" అంది మా మేనకోడలు.

అధ్యక్షులవారు కుర్చీ మీంచి దిగి గొంతు సవరించుకున్నారు. "మేం చదివింది వేరే ముద్రణ. అందులో రాజున్నాడు," అని ప్రకటించి తీర్పు చెప్పారు. అతి శ్రద్ధగా చదివి, సభ్యుల మనశ్శాంతికి భంగం కలిగించినందుకు ఈ అమ్మాయిని బహిష్కరించడమైనది! ఏకగ్రీవం. నేనూ చెయ్యెత్తాను. ఆ పిల్ల నావైపు చూడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

సరే, సంఘం పరువు నిలిచింది. మనశ్శాంతి మాత్రం పోయింది. మేక! గ్రహమంతా ఉప్పయితే మేక దాన్ని నాకీ నాకీ అరగదీసెయ్యదూ? అప్పుడా ముగ్గురూ ఎక్కడ నిలబడతారు? ఆఫీసులో కొత్త కొళాయి మంజూరు చేస్తూ 'మేక కనెక్షను' అని రాసి పై అధికారి చేత చివాట్లు తిన్నాను. అయినా పుస్తకం తెరిచి చూద్దామంటే, తెరుస్తుండగా ఆ పిల్ల కంటబడితే? ఇన్నేళ్ళ గౌరవం ఏం కావాలి!

మిగతావాళ్ళ బాధ నాకన్నా ఎక్కువగా ఉన్నట్టుంది. ఒకరోజు మా మేనకోడలు నవ్వు ఆపుకోలేక ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. నాతో మాట్లాడ్డం మానేసింది కాబట్టి మా ఆవిడతో చెబుతుంటే విన్నాను.

"అత్తయ్యా! ఆ స్టేషన్ మాస్టరుగారు మా దగ్గరికొచ్చారు. చదివీ చదివీ కళ్ళు అరిగిపోయాయట! సరే కూర్చోండని, దగ్గరి చూపు పరీక్షకి అట్ట బదులు 'ఉప్పు గ్రహం' మొదటి పేజీ చేతికిచ్చాను. గడగడా చదివేస్తున్నారు. సగంలో లాగేసుకుని, మీ చూపు బానే ఉంది, వెళ్ళిరండి అన్నాను. 'లేదమ్మా, రెండో పేజీలో మసగ్గా కనిపిస్తుందేమో, అది కూడా పరీక్షించు' అంటారు!"

"మరేం చేశావే?"

"చదివే అద్దాలు రాసిచ్చి, మొదటి సంపుటం చేతిలో పెట్టాను. బయటికొస్తే బెంచీ మీద మందుల షాపాయన, టీచరమ్మ, వకీలుగారు. ఒకళ్ళనొకళ్ళు ఎరగనట్టు తలో దిక్కూ చూస్తున్నారు. ఊళ్ళో ఏదో కొత్త కంటి జబ్బు వచ్చిందని మా డాక్టరుగారు హడిలిపోయారు!"

అప్పట్నుంచి ఆదివారాలు నేను ఒక్కణ్ణే గదిలో కూర్చుంటున్నాను. అధ్యక్షులవారికి జలుబన్నారు. టీచరమ్మకి పరీక్ష పేపర్లన్నారు. మందుల షాపాయన ఫోనెత్తి, "ఇప్పుడు కాదండీ, ఇప్పుడు కాదు!" అని పెట్టేశాడు. దర్జీ పైకొచ్చి, "ఏం సార్, సంఘం లేచిపోయిందా? గోల లేక పని తోచడం లేదు," అని పరామర్శించి వెళ్ళాడు. ఇంట్లో మా ఆవిడ కూడా పొయ్యి దగ్గర ఏదో పట్టుకుని కూర్చునేది. నేను పట్టించుకోలేదు.

చివరికి ఒక ఆదివారం విసుగొచ్చి పెందలాడే ఇంటికొచ్చాను. వాకిట్లో చెప్పులు కుప్ప. లోపల నుంచి అధ్యక్షులవారి గొంతు వీధంతా వినిపిస్తోంది.

"ఆవిడ తిరిగింది భయంతో కాదు! మేక కోసం! అంతమాత్రం తెలీదా!"

"మేక అప్పటికే..." అంటూ మందుల షాపాయన వెక్కుతున్నాడు. వకీలుగారు ముసలావిడ తరపున వాదిస్తున్నారు. టీచరమ్మ, మా ఆవిడ ఒకే పుస్తకం మీద తలలు వంచి ఏదో పేజీ వెతుకుతున్నారు. మా మేనకోడలు అందరి మధ్యా బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతులు తిప్పుతూ, అడ్డుపడుతూ, కసురుతూ, ఎంత సంతోషంగా ఉందంటే, చూసిన నాకే కడుపు నిండిపోయింది. వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల మొహంలో ఆ కళ ఎరగను.

నేను గుమ్మంలో అడుగుపెట్టాను. అందరూ గప్‌చిప్!

"ఉష్! ఈయన ఇంకా చదవలేదు. పాపం, చెప్పెయ్యకండి," అంది మా ఆవిడ.

"ఎవరు? నేనా?" అన్నాను రోషంగా. "నేను మీ అందరికన్నా ముందే చదివాను!"

"అయితే కార్యదర్శిగారూ, ఆ మేక పేరేమిటో చెప్పండి," అన్నారు అధ్యక్షులవారు, కొత్త కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

నేను దగ్గాను. భుజం మీద లేని కండువా సర్దుకున్నాను. "చూడండి, అంత లోతైన నవల చదివేటప్పుడు పేర్ల లాంటి చిల్లర విషయాలు ఆఖరి అధ్యాయాల్లో ఎక్కడో..."

మా మేనకోడలు పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడింది కూడా.

"మావయ్యా, మొదటి పేజీలో మొదటి మాట అదే!"

అంచేత, పాఠక మహాశయులారా! మా సంఘం మూతపడింది. సభ్యులందరూ చదవడం మొదలుపెట్టాక దాని అవసరం తీరిపోయింది. అయినా కార్యదర్శిగా నా ధర్మం నేను నెరవేర్చాలి కదా! 'ఉప్పు గ్రహం' నవలని మీ అందరికీ గట్టిగా సిఫారసు చేస్తున్నాను. ముఖ్యంగా, మొదటి మాట చాలా బాగుంటుందట!