ముందు బయలుదేరిన సంచి

గురువారం పొద్దున రాజేశ్వర్ టీ గ్లాసు కింద పెట్టి, కూరగాయలు తెస్తానన్నంత తేలిగ్గా చెప్పాడు. "శనివారం బీదర్ పోతున్నం. ఒక రాత్రి లాడ్జిల ఉంటం. ఆదివారం సాయంత్రం వస్తం. ఏం ఫికర్ లేదు."

నందిని చేతిలోని ఇడ్లీ ముక్క చట్నీలో మునిగి అక్కడే ఉండిపోయింది. పదో తరగతి పరీక్షలు అయిపోయి వారమైంది. పరీక్షలయ్యాక బీదర్ కోట చూపిస్తానని నాయిన ఎనిమిదో తరగతి నుంచి చెబుతున్నాడు. జహీరాబాద్ నుంచి బీదర్ గంట ప్రయాణం. అయినా ఆ గంట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు. ఎండాకాలం సెలవులంటే హుమ్నాబాద్‌లో మేనత్త శరణమ్మ ఇల్లే. అక్కడ సేమియాలను శావిగె అంటారు. ఏడాదికి సరిపడా శావిగె శరణమ్మ ఎండాకాలంలోనే చేసి పెట్టుకుంటుంది. పిండి కలిపేది శరణమ్మ, మిషను పిడి తిప్పేది నందిని. "మా నందిని బంగారం, ఎదురు మాట్లాడదు" అని ఆమె ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. ఎదురు మాట సంగతి అటుంచి, నందినికి మామూలు మాటే గొంతు దాటి రాదు. నాలుగేళ్ళు పిడి తిప్పి తన కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే లావైందని ఆమె అనుమానం.

ఈసారి తప్పితే మళ్ళీ కుదరదు. రాజేశ్వర్ ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. వానలు దగ్గరపడితే అతనికి సెలవు ఉండదు. జూన్‌లో నందిని సంగారెడ్డి హాస్టల్‌కు పోవాలి.

"శనివారం అష్టమి," అంది నానమ్మ నాగమ్మ, గోడ క్యాలెండర్ ముందు నిలబడి. "అష్టమి నాడు గడప దాటుతరారా ఎవరన్న?"

"ముప్పై కిలోమీటర్లే కదమ్మా."

"యముడు కిలోమీటర్లు లెక్కవెడతడా?"

నందిని కూడా క్యాలెండర్ వైపు చూసింది. తల్లి స్వప్న చెయ్యి కడుక్కుంటూ, "అయితే ఆగిపోదమా అత్తమ్మా?" అంది, ఆగేది లేదన్న గొంతుతో.

"ఆగుడెందుకు. రేపు పొద్దుగాల ఏడుంబావుకు మంచిగుంది. పస్తానం పెడదం."

ప్రస్థానం అంటే, మంచి ఘడియలో ఒక సంచిని ముందుగా పొరుగింట్లో పెట్టడం. సంచి గడప దాటితే మనుషులూ దాటినట్టే లెక్క. తర్వాత తీరిగ్గా ఎప్పుడైనా ఆ సంచి అందుకొని వెళ్ళిపోవచ్చు. కాకపోతే నాగమ్మ దగ్గర దీనికి గట్టి షరతులున్నాయి. ఎవరి బట్టలు సంచిలో ఉంటాయో వాళ్ళకే ప్రస్థానం వర్తిస్తుంది. ఆ సంచి ఉత్తగా ఇంటికి తిరిగి రాకూడదు. బయలుదేరిన మనిషి మళ్ళీ ఇంట్లోకి పోకూడదు.

స్వప్న నలుగురి బట్టలూ ఒకే ఎర్ర సంచిలో సర్దింది. లాడ్జిలో అడుగుతారని నలుగురి ఆధార్ కార్డులూ అందులోనే పెట్టింది. పైన నాగమ్మ పసుపు బియ్యం మూట, వక్క పెట్టింది.

ఆ సాయంత్రం పక్కింటి ఫాతిమున్నీసా గోడ మీదుగా పిలిచింది. "నాగమ్మక్కా, రేపు హుమ్నాబాద్ పోతున్నం. మా చెల్లె కొడుకు వలీమా, పెండ్లి దావత్. శరణమ్మకు ఏమన్న పంపేదుంటె పొద్దుగాల పంపు."

నాగమ్మ వేళ్ళ మీద ఘడియలు లెక్కపెడుతూ "మంచిది, మంచిది" అంది. మాట చెవికి తగిలింది కాని లోపలికి పోలేదు.

శుక్రవారం నందిని నాలుగింటికే లేచి కూర్చుంది. ప్రస్థానం ఆడపిల్ల చేతుల మీదుగా పోవాలని నాగమ్మ తీర్మానించడంతో సంచి ఆమెకే వచ్చింది. చెప్పాల్సిన మాటలు మెట్ల మీదే మూడుసార్లు వల్లించుకుంది. 'ఖాలా, ఇది పస్తానం. రేపు పొద్దున వచ్చి తీసుకుంటం. అప్పటిదాక ఇక్కడనే ఉండనియ్యుండ్రి.'

తీరా పక్కింటి వరండాలో మెరిసే బట్టలు కట్టుకున్న చుట్టాలు ఐదుగురు టీ తాగుతున్నారు. ఐదుగురూ ఒక్కసారే తలెత్తి చూశారు. నందిని మొదటి మాట మరిచిపోయింది, రెండోది వెతుక్కునేలోపు మూడోది కూడా పోయింది.

"నానమ్మ పెట్టమన్నది," అని సంచి కింద పెట్టి పరుగెత్తింది.

"ఫికర్ చెయ్యొద్దని చెప్పు మీ నానమ్మకు," అని ఫాతిమున్నీసా వెనక నుంచి అరిచింది.

"ఏమన్నది?" అంది నాగమ్మ.

"ఫికర్ చెయ్యొద్దన్నది."

నాగమ్మ తృప్తిగా క్యాలెండర్ వైపు చూసింది.

శనివారం ఎనిమిది గంటలకు నలుగురూ కుడికాలు ముందు పెట్టి బయటికి వచ్చారు. రాజేశ్వర్ తాళం వేశాడు. చేతిలో పులిహోర డబ్బా తప్ప ఏమీ లేదు. పక్కింటికి పోతే అక్కడా తాళమే.

రాజేశ్వర్ ఫాతిమున్నీసాకు ఫోన్ చేశాడు. "ఆపా, మా సంచి మీ ఇంట్ల ఉన్నది."

"మా ఇంట్ల ఎందుకుంటది? నిన్ననే శరణమ్మ చేతిల పెట్టినం. నాగమ్మక్క పంపిందని చెప్పి ఇచ్చినం."

ఫోన్ గొంతు వీధంతా వినిపించింది. ముగ్గురూ నందిని వైపు తిరిగారు.

"నువ్వు ఖాలాకు ఏం చెప్పినవ్?" అంది స్వప్న.

"నానమ్మ పెట్టమన్నదని."

"ఎందుకో చెప్పలేదా?"

నందిని చెప్పు చివరతో మట్టిలో గీత గీసింది.

రాజేశ్వర్ అక్క శరణమ్మకు ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. "ఆధార్ లేకుంటె లాడ్జోడు రూమియ్యడు. ఇంట్ల జిరాక్సులు ఉన్నయేమో చూస్త," అని తాళం చెవి తీశాడు.

"గడప తొక్కినవంటె చూడు," అంది నాగమ్మ. "సంచి యాడికి పోయిందో మనం గాడికే పోవాలె. అదే పద్ధతి."

"అంటే హుమ్నాబాదా?" అంది నందిని, ఎవరికీ వినపడనంత మెల్లగా. చెయ్యి తనకు తెలియకుండానే గాలిలో చిన్న చుట్టు తిరిగింది.

"సంచి తీస్కొని గట్లనే బీదర్ పోదం. రెండు బస్సులు, అంతే. ఏం ఫికర్ లేదు," అన్నాడు రాజేశ్వర్. ఈసారి ఆ మాట ఎవరూ నమ్మలేదు, అతనితో సహా.

హుమ్నాబాద్ బస్సులో కిటికీలన్నీ వేడి గాలి కక్కుతున్నాయి. నందిని ప్రతి మైలురాయినీ చదివి, కోట ఎంత దూరం జరిగిపోతోందో లెక్కపెట్టుకుంది. అక్కడికి చేరేసరికి పదిన్నర. శరణమ్మ ఇంటికి తాళం. నాగమ్మ ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసింది.

ఎదురింటి ముసలావిడ జొన్నలు చెరుగుతూ, "ఎల్లారూ బీదరిగె హోగ్యార," అంది. అందరూ బీదర్ పోయారట. తర్వాత వచ్చీరాని తెలుగులో కలిపి చెప్పింది. "నిన్న మాపటికి పోయిన్రు. వాళ్ళ మరిది ఇల్లు. ఎర్ర సంచి తీస్కపోయిన్రు. శావిగె మిషను గుడ తీస్కపోయిన్రు."

బీదర్ అన్నమాట వినగానే లేచిన నందిని ప్రాణం, మిషను మాట వినగానే మళ్ళీ కూర్చుంది.

నాగమ్మ ముఖం మాత్రం వెలిగింది. "చూసిన్రా. మనం చెప్పకున్నా సంచి బీదర్ పోయింది. గదీ ఘడియ బలం."

పులిహోర బస్టాండ్‌లో అయిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు బీదర్‌లో శరణమ్మ మరిది ఇల్లు దొరికింది. తలుపు తీసిన శరణమ్మ నలుగురినీ చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఈడికి గుడ వచ్చిన్రా," అంది.

"గుడ అంటే ఏందక్కా? ఫోన్ ఎందుకు బందు పెట్టినవ్?" అన్నాడు రాజేశ్వర్.

శరణమ్మ చివరికి కక్కేసింది. "మరి నేనేమనుకోవాలెరా? చిట్టీ లేదు, మాట లేదు. నలుగురి బట్టలు వచ్చినయ్. పసుపు బియ్యం వచ్చినయ్. నలుగురి ఆధార్లు వచ్చినయ్. ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికే వస్తున్నరనుకున్న. ఆధార్ల మా అడ్రస్ ఎక్కించుకోనీకె ముందుగాల పంపిన్రనుకున్న."

"అందుకని పారిపోయినవా వదినె?" అంది స్వప్న, చాలా మెత్తగా.

"పారిపోవుడేంది? మా తోటికోడలుకు శావిగె చేసిద్దమని వచ్చిన. అంతే." శరణమ్మ గబగబా మాట మార్చింది. "లాడ్జి ఎందుకు, గింత ఇల్లుండంగ? పిండి తడిపి పెట్టిన. పిడి తిప్పెటోళ్ళు లేకనే ఆగిన. మా బంగారం వచ్చింది కద. నందినీ, డాబా మీదికి రా."

నందిని డాబా ఎక్కింది, వెనకే మిగతావాళ్ళూ ఎక్కారు. ఇళ్ళ కప్పుల అవతల ఎర్రటి కోటగోడ, దాని మీద ఒక బురుజు, బురుజు మీద చీమల్లా మనుషులు. చేతికి మిషను పిడి అందింది. పది చుట్లు తిప్పింది. సన్నటి శావిగె పోగులు దిగుతున్నాయి. రాజేశ్వర్ చెమట తుడుచుకుంటూ, "కోట ఈడికెల్లి గుడ మంచిగనే కనబడుతున్నది కద బిడ్డా. రేపు చూద్దం, ఏం ఫికర్..." అన్నాడు.

పిడి ఆగింది.

"నేను తిప్ప," అంది నందిని. అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. కింద వీధిలో అరటిపళ్ళ బండివాడు కూడా తలెత్తాడు. "నాలుగేండ్లు తిప్పిన. ఇప్పుడు కోట చూస్త. దూరంకెల్లి కాదు. లోపలికి పోయి చూస్త. రాత్రి లాడ్జిలనే ఉంట. నాయినా, ఆధార్లు తీస్కో."

ఆగిన మిషను పక్కన రెండు కాకులు వాలాయి. శరణమ్మ నోరు తెరిచింది గాని బంగారం అన్న మాట దొరకలేదు.

మొదట తేరుకుంది నాగమ్మ. "గీ నోరు నిన్న పొద్దుగాల పక్కింట్ల తెరిస్తె, మనం గిప్పటికి కోటల ఉందుము," అంది. చీర కొంగు సర్దుకొని మెట్ల వైపు నడిచింది. "నడువుండ్రి. చీకటి పడితె లోపలికి పోనియ్యరు."

పది నిమిషాల్లో ఇల్లు ఖాళీ అయింది. శరణమ్మ మరిది కుటుంబం కూడా, ఊళ్ళోనే ఉండి కోట చూసి ఎన్నేళ్ళయిందో అంటూ చెప్పులు తొడుక్కుంది. తడిపిన పిండి ఆగదు కాబట్టి శరణమ్మ డాబా మీదే ఉండిపోయింది. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేత్తో కాకులను తోలుతూ కనిపించింది. కాసేపటికి నందిని బురుజు ఎక్కి అటువైపు చెయ్యి ఊపింది. ఊపడానికి అత్తకు మూడో చెయ్యి లేదు.

ఆ రాత్రి లాడ్జి గదిలో నందిని ఎర్ర సంచి విప్పి తన బట్టలు తీసుకుంది. నలగలేదు, మాసిపోలేదు. మంచి ఘడియలో ఇల్లు వదిలినందుకు అందరికంటే ఒకరోజు ముందే బీదర్ చేరింది ఆ సంచి ఒక్కటే.