పక్క సీటు వైభోగం

జాతి వివక్షని అందరూ ఆడిపోసుకుంటారుగానీ, దాన్ని మించిన సుఖం లోకంలో ఇంకోటి లేదని నేను బల్లగుద్ది చెబుతాను. ఇరవై ఏళ్ళుగా అనుభవిస్తున్నవాణ్ణి, నా మాట నమ్మండి!

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. రంగులో, జుట్టులో, ముక్కుతీరులో మా ఇంటిల్లిపాదీ ఈ ఊరివాళ్ళకి వేరేగా కనిపిస్తాం. ఆ ఒక్క అర్హతతో మాకు దక్కిన రాజభోగాలు ఇన్నీ అన్నీ కావు.

బస్సే తీసుకోండి. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ కడ్డీలు పట్టుకుని వేలాడుతుంటారు. నా పక్క సీటు మాత్రం ఖాళీ! ఒక టిక్కెట్టుకి రెండు సీట్లు! మంత్రిగారికైనా ఉందా ఈ యోగం?

లిఫ్టు సంగతి సరేసరి. తలుపు తెరుచుకుంటుంది. లోపల నేనుంటాను. బయట నిలబడ్డ పెద్దమనిషికి ఉన్నట్టుండి ఏదో మర్చిపోయిన సంగతి గుర్తొస్తుంది. "మీరు పదండి, పదండి" అని ఏడో అంతస్తుకి మెట్లెక్కి వస్తాడు. ఆయన గుండెకి ఎంత మంచి వ్యాయామం! ఊరి ఆరోగ్యానికి నేను చేస్తున్న ఈ సేవని ఎవరైనా గుర్తించారా?

సూపర్‌మార్కెట్లో అయితే గార్డు సబ్బుల దగ్గర్నుంచి ఉల్లిపాయల దాకా నా వెనకే వస్తాడు. జీతం వాళ్ళిస్తారు, బాడీగార్డు నాకు! ఓసారి అతను సెలవులో ఉంటే ఒంటరిగా బిక్కుబిక్కుమంటూ సామాన్లు కొనుక్కున్నాను.

ఇక మా అమ్మాయి. పదహారేళ్ళది. చిన్నప్పుడు నోరు మూసేది కాదు, అందుకే ఇంట్లో వసపిట్ట అని పిలుస్తాం. క్లాసులో పిల్లలు దాని జుట్టు పట్టి చూసి "దీన్ని కడుగుతారా?" అని అడుగుతారు. ఎంత విజ్ఞానతృష్ణ! ప్రాజెక్టుకి నలుగురేసి జట్టు కట్టమంటే ఇరవై తొమ్మిది మందిలో ఎప్పుడూ ఇదొక్కతే మిగులుతుంది. మార్కులు ఎవరికీ పంచనక్కర్లేదు! దాని పేరు టీచరుకి నోరు తిరగదు. హాజరులో అందరికీ పేర్లు, దీనికి "నువ్వు".

ఏడుస్తూ ఇంటికొచ్చినప్పుడల్లా దానికి నా సిద్ధాంతం బోధించేవాణ్ణి. "ఒక టిక్కెట్టుకి రెండు సీట్లే పిచ్చిమొహమా, నవ్వేసెయ్!" అది ముక్కు తుడుచుకుని నవ్వేది. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఈ ఏడు మా వసపిట్ట మాట్లాడటం మానేసింది. ఇల్లు ఎంత ప్రశాంతం! గోళ్ళన్నీ కొరికేసుకుంది, ఇక నెయిల్ కట్టరుతో పనేముంది? కంచం ముందు కూచుని, కెలికి, లేచిపోతుంది. సోమవారం వస్తే చాలు, కడుపునొప్పి. డాక్టరు అన్ని టెస్టులూ చేసి ఏ రోగమూ లేదని తేల్చాడు.

స్కూల్లో కౌన్సిలరమ్మ మమ్మల్ని పిలిపించింది. "మీ అమ్మాయి కొంచెం సెన్సిటివ్. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చమనండి, నాలుగు లెక్కపెడుతూ వదలమనండి" అంది.

"మరి గొంతు నొక్కేవాళ్ళని ఎంతదాకా లెక్కపెట్టమన్నారు మేడమ్?" అంది మా ఆవిడ.

తల్లి కూడా సెన్సిటివ్ అని కౌన్సిలరమ్మ ఫైల్లో రాసుకుంది.

పోయిన వారం నాకు అటువైపే పని పడి, పిల్లతోపాటు ఏడూ నలభై బస్సెక్కాను. అది ముందెక్కి కిటికీ పక్కన కూచుంది. కూచోగానే బ్యాగ్ తీసి పక్క సీట్లో పెట్టింది. వెనకే నేను, చేతిలో పనిముట్ల పెట్టె.

"బ్యాగ్ తియ్యవే, కూచుంటాను" అన్నాను. తీసింది. "రోజూ ఇలాగే పెడతావా? అంతమంది నిలబడి ఉంటే తప్పు కదూ?"

"తీసినా ఎవరూ కూచోరు నాన్నా. బ్యాగ్ ఉంటే, బ్యాగ్ ఉంది కాబట్టి కూచోలేదు అనుకోవచ్చు."

నేను నోరు తెరిచాను. నా సిద్ధాంతం నాలిక చివరిదాకా వచ్చింది.

"నవ్వేసెయ్ అనకు, ప్లీజ్" అంది. "నవ్వి నవ్వి దవడలు నొప్పెడుతున్నాయి."

పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఆరు స్టాపులూ దాని గొళ్ళెం తీస్తూ వేస్తూ కూచున్నాను. సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆ జోకులు పిల్ల కోసం అనుకున్నాను. నాకు ఏడుపు రాకుండా నేను వేసుకున్నవి, దాని నెత్తిన కూడా రుద్దాను.

కాబట్టి పాఠక మహాశయులారా, ఈ వైభోగం ఇక మావల్ల కాదు. అందరికీ పంచిపెట్టేస్తున్నాను! రోజూ పొద్దున్న ఏడూ నలభై బస్సు. ఎడమవైపు నాలుగో వరస. కిటికీ పక్కన ఒక అమ్మాయి ఉంటుంది, పక్క సీట్లో నీలం బ్యాగ్ ఉంటుంది. ఆ సీటు ఎవరికోసమో ఆపింది కాదు.

"కాస్త బ్యాగ్ తీస్తావా అమ్మా?" అని అడిగి చూడండి. తీస్తుంది.