హేఇన్ కాళ్ళ వాపు

ఒక స్త్రీ కాళ్ళు వాచాయంటే, దాని అర్థం తేల్చే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నకు కొరియాలోని ఓడల ఊరు ఉల్సాన్‌లో ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఆ మంగళవారం సల్ హేఇన్ వేసుకున్న పథకం సాదాసీదాది: ఎనిమిదింటికి ఓడల కర్మాగారం చేరాలి, పదకొండింటికి వెల్డింగ్ తనిఖీ జట్టు నాయకురాలిగా తన పేరు చదువుతుంటే వినాలి. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన పదవి అది. తీరా గుమ్మం దగ్గర బూట్లలో కాళ్ళు పట్టలేదు. రెండు నెలలుగా వేసుకుంటున్న గర్భనిరోధక మాత్రల పనే ఇదని ఆమెకు తెలుసు. మాత్ర మారుస్తాను, శుక్రవారం రమ్మని డాక్టరు చెప్పింది కూడా. ఆ సంగతి అత్తగారికి నివేదించవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు. భర్త చెప్పులు తొడుక్కుని బయలుదేరింది.

అత్తగారు ఓక్ బున్‌రే ఆ కాళ్ళు చూసింది. మొన్న తెల్లవారుజామున ఆమె ఒడిలోకి పెద్ద చేప దూకినట్టు కల వచ్చింది. అలాంటి కల వస్తే ఇంట్లో ఎవరో ఒకరు నెల తప్పి తీరాలి. కల ఉంది, కాళ్ళున్నాయి, ఇంకేం కావాలి? తొమ్మిదిన్నరకల్లా తనిఖీ విభాగానికి మూడు పెట్టెల బియ్యప్పిండి తీపిముద్దలు చేరాయి, "శుభవార్త" అన్న చీటీతో.

విభాగాధిపతి ప్యో రెండు ముద్దలు తిని, దయతో కరిగిపోయి, జాబితాలో హేఇన్ పేరు కొట్టేశాడు.

"ఓడలెక్కే పని నీకెందుకమ్మా ఈ టైములో? నీ మేలు కోరే తీసేశాను."

"ఏ టైములో సార్?"

"నా దగ్గర దాపరికమేంటి! మీ అత్తగారు తీపి కూడా పంపారుగా. ఆ కాళ్ళు చూడు, మా ఆవిడకీ అచ్చం ఇంతే."

"నేను గర్భం రాకుండా మాత్రలు వేసుకుంటున్నాను," అంది హేఇన్, విభాగమంతా వినేలా. "వాటిలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. దానివల్ల కిడ్నీలు ఉప్పును బయటికి పోనివ్వవు. ఉప్పున్నచోట నీరు నిలుస్తుంది. ఆ నీరే కాళ్ళలోకి దిగింది. ఇందుకు మీరు నా పదవి తీసేశారు."

ప్యో మూడో ముద్దను మెల్లగా పెట్టెలో పెట్టేసి, కొట్టేసిన పేరు మళ్ళీ రాశాడు.

అసలు గండం ఫోనులో ఉంది. అత్తగారి ఏడుపు వినడానికి సిద్ధపడే హేఇన్ ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, నాకు నెల తప్పలేదు. మాత్రల వాపు అది."

అవతల మంచం కిర్రుమంది.

"ఒట్టు?"

"ఒట్టు."

"హమ్మయ్య! బతికించావే తల్లీ! మీ ఆడపడుచు పిల్లలిద్దర్నీ వీపున మోసీ మోసీ నడుం పడిపోయింది. మూడోది కూడా నా నెత్తినే అనుకుని పొద్దుట్నుంచి మంచం దిగలేదు."

"మరి తీపి ఎందుకు పంపారు?"

"పంపకపోతే నలుగురూ ఏమనుకుంటారే?"

పదకొండింటికి హేఇన్ పేరే చదివారు. ప్యోగారి దయ మాత్రం చేసే పనిలేక ఇంకా తిరుగుతూనే ఉంది. రేపు అది మీలోనూ దూరవచ్చు. దూరితే, ఏ స్త్రీ మేలైనా కోరే ముందు నోరు తెరిచి ఆమెను అడగండి.